కిరాయి ఇంటికి సింగారం

పదిహేడేళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారాను. అచ్చంపేటలో నాలుగు, నాగర్‌కర్నూల్‌లో రెండు, బల్మూరులో మూడు. తొమ్మిదీ కిరాయివే. నేను చేరిన రోజు ఉన్నట్టు ఖాళీ చేసిన రోజు ఏ ఇల్లూ లేదు. కాబట్టి చిన్న ఇంటి అలంకరణ గురించి సలహాలు చెప్పడానికి ఈ చుట్టుపక్కల నాకు మించిన అర్హుడు లేడు. ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకునే మనిషికి ఇంటీరియర్ డిజైన్ ఏం తెలుసని ఎవరికైనా అనుమానముంటే మా ఓనర్లను అడగండి. కాస్త కోపంగా చెప్తారు గానీ, చెప్తారు.

ఇల్లు వెతికేటప్పుడు నల్లా వస్తుందా, గాలి ఆడుతుందా, బాత్రూము తలుపుకు గొళ్ళెం పడుతుందా అని చూసేవాళ్ళకు కళాదృష్టి లేదు. గోడలు చూడాలి. ఖాళీ గోడ కనబడితే అడ్వాన్స్ చేతిలో పెట్టెయ్యాలి, బేరం ఆడొద్దు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోవద్దంటుంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకునేదాకా ఆగితే ఇల్లు ఇంకొకరికి పోతుంది. కాగితం రాసుకుంటే పదకొండు నెలలకే రాసుకుంటారు, ఎందుకంటే ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. బల్మూరులో నాకు ఆ కాగితం కూడా లేదు, మూడిళ్ళకూ నోటిమాటే. ఎప్పుడు పొమ్మంటారో తెలియదు కాబట్టి పెట్టే ఖర్చంతా మొదటి నెలలోనే పెట్టెయ్యండి. ఆలస్యం చేస్తే అందం అనుభవించే రోజులు తగ్గుతాయి.

చేరగానే శీలలు. "గోడకు శీల కొట్టొద్దు సారూ" అని ప్రతి ఓనరూ అంటాడు. ఆ మాట తాళంచెవితో పాటు ఇచ్చే మర్యాద, అంతే. కొట్టండి. శీల దిగకుండా సిమెంటు పెచ్చు ఊడితే కంగారు పడొద్దు, పెచ్చును కప్పేంత పటం తగిలించండి. పెద్ద పటానికి పెద్ద శీల కావాలి. దానికి ఇంకా పెద్ద పెచ్చు ఊడుతుంది. అచ్చంపేటలో ఒక గోడ మీద మా తాతగారి పోస్టుకార్డంత ఫోటోతో మొదలుపెట్టి, మూడు నెలల్లో నాలుగడుగుల జలపాతం పోస్టర్ దాకా వచ్చాను. ఒకరోజు ఓనర్ తల్లి వచ్చి పటాలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూసింది. "ఏంది సారూ, గోడకు అమ్మోరు పోసినట్టుంది?" అంది. ఆ ఇంట్లో ఇంకో నెలే ఉన్నాం.

బల్మూరులో మాకు దొరికిన మొదటి ఇల్లు పాత మిద్దె. మూరెడు మందం గోడలు, ప్రతి గోడకూ గూళ్ళు. దీపం గూడు, పుస్తకాలు పెట్టుకునేంత పెద్ద గూడు, పొయ్యి పక్కన ఉప్పు కారాల గూడు. చూడగానే నాకు దిగులు వేసింది. గోడ అన్నాక సాపుగా, అద్దంలా ఉండాలి గదా! ప్లైవుడ్ తెప్పించి అన్నింటినీ మూయించాను. మీరూ మూయించండి. గూళ్ళలో ఉన్న సామానంతా కింద పరిస్తే గది నిండుగా కనబడుతుంది, నిండుదనమే ఇంటికి శోభ. తర్వాత ఆ సామాను కోసం ఒక ప్లాస్టిక్ రాక్, రాక్ కనబడకుండా ఒక కర్టెన్, కర్టెన్ వేలాడటానికి ఒక రాడ్, రాడ్‌కు నాలుగు శీలలు కొన్నాను. రెండేళ్ళ తర్వాత ఖాళీ చేసే రోజున ప్లైవుడ్ మీద చెయ్యి వేస్తే పిండిలా రాలింది. చెదలు నీట్‌గా పని చేశాయి. లోపల గూట్లో మా అమ్మ కళ్ళజోడు ఉంది. ఆ రెండేళ్ళూ దాని కోసం ఇల్లంతా వెతికాం. నువ్వు బస్సులో పోగొట్టుకున్నావని నేను ఆమెతో వాదించాను కూడా.

చెమ్మ గోడలకు వాల్‌పేపర్‌ను మించిన మందు లేదు. ఇటుకల బొమ్మ ఉన్న త్రీడీ రకం తీసుకోండి, వెనక అంటుకునే జిగురు ఉంటుంది. మా గోడ నిజానికి ఇటుక గోడే. ఇటుక మీద ప్లాస్టరింగ్, ప్లాస్టరింగ్ మీద డిస్టెంపర్, దాని మీద ఇటుక బొమ్మ. సున్నం వేసిన గోడ లోపలి తడిని బయటికి పోనిస్తుందని, ప్లాస్టిక్ కాగితం ఆ తడిని లోపలే బిగబడుతుందని పెద్దమేస్త్రీలు అంటుంటారు. కానీ సున్నం చేతికి అంటుతుంది, వాట్సాప్ స్టేటస్‌లో మంచిగ రాదు. శ్రావణంలో మూడు ముసురులు పట్టేసరికి కాగితం ఉబ్బింది. భాద్రపదంలో ఒక రాత్రి పెద్ద చప్పుడుతో మొత్తం గోడ మా పిల్లల మీద పడింది. దెబ్బలేం తగల్లేదు, కాగితమే గదా. వెనక గోడంతా ఉప్పు పూసి తెల్లగా మెరుస్తోంది. చూడటానికి అదే బాగుంది, నిజానికి.

రంగు విషయంలో నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. చిన్న గదికి లేత రంగు వేస్తే వెలుతురు పరుచుకుని గది పెద్దగా కనబడుతుందని అంటారు. మన పాతవాళ్ళ లెక్కా అదే. సున్నంలో కాస్త నీలిమందు కలిపి, పండుగకు ముందు ఒక పూత. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిలా గట్టిపడుతుంది. ఇంత తేలిగ్గా అయ్యే పనికి నాలాంటివాళ్ళు ఎందుకు? పది బై పది గదికి నేను ముదురు నీలం వేయించాను, నేవీ బ్లూ. ఇక పట్టపగలు కూడా లైటు లేకుండా చెప్పు జత దొరకదు. గదికి ఒక గాంభీర్యం వచ్చింది.

ఈ నీలం గది ఉన్నది రేకుల ఇంట్లో. రంగుకు మూడువేలు పోగా చేతిలో ఎనిమిది వందలు మిగిలితే మా ఆమె ఒక మాట అంది. "ఆ పైసలతోని రేకుల మీద సున్నం పూయించరాదా? ఎండాకాలం వస్తుంది." నాకు నవ్వొచ్చింది. పైకప్పును ఎవరు చూస్తారు? కాకులు. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం అని ఒకటి తెచ్చింది. ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పైకప్పులు వేయాలని, 600 గజాలు దాటిన స్థలాల్లో కట్టే ఇళ్ళకు అది తప్పనిసరని. మా రెండు గదులు అరవై గజాలు కూడా ఉండవు. చట్టమే నన్ను వదిలేస్తే నేనెందుకు పట్టుకోవాలి? ఆ ఎనిమిది వందలకు ఎల్‌ఈడీ పట్టీ కొని సజ్జ చుట్టూ తిప్పాను.

మే నెల వచ్చింది. పాలమూరు ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. రేకుల కింద నీలం గదిలో కూలర్ పొద్దున ఎనిమిదికి మొదలైతే తెల్లారేదాకా ఆగలేదు. మాకు తెల్లకార్డు ఉంది, 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తోంది. కిరాయికి ఉన్నవాళ్ళకూ వర్తించే పథకమది. షరతు ఒక్కటే, నెలకు 200 యూనిట్లు దాటకూడదు. దాటితే దాటినంతకే గాక మొత్తానికీ కట్టాలి. మాకు 213 వచ్చింది. మీటర్ రీడర్ కుర్రవాడు బిల్లు చేతిలో పెట్టి, లోపలికి తొంగిచూసి, "ఏం సార్, సినిమా టాకీసు పెట్టినవా?" అన్నాడు. ఆ ఎండలో అతనొక్కడికే నా గది నచ్చింది.

చిన్న గదిని పెద్దగా చూపించాలంటే గుమ్మానికి ఎదురుగా నిలువెత్తు అద్దం పెట్టాలన్నది జగమెరిగిన చిట్కా. అయితే ఆ చిట్కా రాసినవాళ్ళెవరూ నల్లమల అంచున కాపురముండలేదు. అద్దం పెట్టిన రెండో రోజు ఒక పిచ్చుక దానితో యుద్ధం మొదలుపెట్టింది. దాని నీడే దానికి శత్రువు. పొద్దంతా ముక్కుతో పొడిచి, అలసి, మర్నాడు మళ్ళీ వచ్చేది. అది సరదాగానే ఉంది. నాలుగో రోజు కోతి వచ్చింది. ఇల్లు ఇరుకటం, ఆలి మర్కటం అని సామెత. మా ఇంట్లో మొదటి సగమే ఉండేది, అద్దం పెట్టాక రెండోది బయటినుంచి వచ్చింది. పాపం మా ఆమెకు దానితో ఏ సంబంధమూ లేదు, చీపురు పట్టుకుని వంటింటి దర్వాజ దగ్గర నిలబడింది. కోతి లోపలున్న కోతికి పళ్ళు చూపించింది. లోపలి కోతీ చూపించింది. తర్వాత గుంపు వచ్చింది. కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికి నిర్మల్‌లో 2020లో ఒక కేంద్రం తెరిచారు గానీ మా ఇంటికొచ్చినవి అటువైపు వెళ్ళిన జాడ లేదు, చంకల్లో పిల్లలున్నాయి. అద్దం పగిలింది, అరటిపళ్ళు పోయాయి, ఎల్‌ఈడీ పట్టీ ఎదురింటి వేపచెట్టు మీద చాలా రోజులు వేలాడింది. అయినా ఈ సలహాను నేను వెనక్కి తీసుకోను. అద్దం ఉన్న నాలుగు రోజులూ గది నిజంగానే పెద్దగా కనబడింది.

ఇంట్లో పాతసామాను ఏదైనా ఉంటే దాన్ని దాని పనికి తప్ప అన్నిటికీ వాడండి. మా అమ్మ దగ్గర ఒక ఉట్టి ఉండేది. నారతో అల్లింది, దూలానికి కట్టి అందులో పాలకుండ, పెరుగుకుండ పెట్టేవాళ్ళు. నేల మీద చోటు తీసుకోదు, పిల్లికి అందదు. ఇదే సంగతిని ఇప్పుడు మాక్రమే ప్లాంట్ హ్యాంగర్ అని తొమ్మిది వందలకు అమ్ముతున్నారు. నేను ఉట్టిని ముందుగదిలోకి తెచ్చి అందులో ప్లాస్టిక్ ఆర్కిడ్ పూలు పెట్టాను. పెరుగు గిన్నె కిందికి వచ్చింది. పిల్లి కూడా వచ్చింది. "మీ కళ మంచిగనే ఉంది గానీ, పెరుగు ఏడ వెట్టాలె?" అని మా ఆమె అడిగితే, కళకూ పెరుగుకూ ముడిపెట్టొద్దన్నాను. అన్నట్టు ఆ ప్లాస్టిక్ పూల సంగతి. బల్మూరు నుంచి ఎటు నడిచినా తంగేడు పూస్తుంది, గునుగు పూస్తుంది. తంగేడు మన రాష్ట్ర పుష్పం కూడా. అయితే పైసా పెట్టకుండా దొరికే పువ్వును ఇంట్లో పెట్టుకుంటే చుట్టాల ముందు చిన్నతనం. ప్లాస్టిక్ ఆర్కిడ్ వాడదు. దుమ్ము పడుతుంది, నెలకోసారి సర్ఫ్‌లో నానబెడితే చాలు.

గద్వాల చీర విషయం చెప్పడానికి కొంచెం వెనకాడుతున్నాను. అయినా రాయడానికి కూర్చున్నాక దాపరికం ఎందుకు? గద్వాల చీరకు మధ్య భాగం నూలు, అంచూ కొంగూ పట్టు జరీ. వేరువేరుగా నడిచే ఆ రెండింటినీ మగ్గం మీద అడ్డపోగుల్ని ఒకదానితో ఒకటి పెనవేసి కలుపుతారు. ఒక్క చీరకు రోజుల తరబడి పడుతుంది. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత అది. మా ఆమె పెళ్ళిచీర గద్వాలదే, మామిడిపండు రంగు, ఎర్ర అంచు. పెట్టెలో మడత పెట్టి ఉంచితే ఎవరికి అందం? పడమటి కిటికీకి కర్టెన్‌గా కట్టాను. సాయంత్రం ఎండ దాని గుండా పడితే గదంతా పండిన మామిడితోటలా ఉండేది, అది మాత్రం అబద్ధం కాదు. పట్టుకు ఎండ పడదు. ఆర్నెల్లకు అంచు వెలిసి ఇటుకపొడి రంగుకు తిరిగింది, మడత దగ్గర పట్టుకుంటే చీరిపోయింది. మా ఆమె ఏమీ అనలేదు. తీసి మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెట్టింది. ఆ వారం ఇంట్లో కూరల్లో ఉప్పు లేదు. ఈ చిట్కాను పాటించేవాళ్ళు సొంత పంచెతో పాటించండి.

ఫర్నిచర్ అంటే నులక మంచం కాదు. అది పగలు గోడకు నిలబెడితే గది ఖాళీ అవుతుంది, రాత్రి వాకిట్లోకి ఎత్తుకుపోతే గాలి తగులుతుంది, నులక వదులైతే మళ్ళీ బిగించుకోవచ్చు. ఇన్ని సుగుణాలున్న వస్తువుకు గౌరవం ఉండదు. దివాన్ కొనండి. మాది ఏడడుగులు. దర్వాజ గుండా పట్టలేదు, కిటికీ గుండా పట్టలేదు. చివరికి తలుపు రెక్క ఊడదీసి, దివాన్‌ను అడ్డంగా, నిలువుగా, కోణంగా తిప్పి ఐదుగురం కలిసి లోపలికి నెట్టాం. గదిలో సగం అదే. మిగిలిన సగంలో అందరం పడుకున్నాం, దివాన్ చుట్టాల కోసం కదా.

దివాన్ మీద లైటు వేలాడాలి. రేకుకు డ్రిల్లు వేయించాను. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని పొడి పీలిస్తే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. డ్రిల్లు పట్టుకున్న అబ్బాయి మూతికి తువ్వాల కూడా కట్టుకోలేదు, నేనూ చెప్పలేదు. ఇందులో తమాషా లేదు, ఆ పని మాత్రం చేయకండి. తొలకరికి ఆ రంధ్రంలోంచి నీళ్ళు సరిగ్గా దివాన్ నడుమ పడ్డాయి.

ఆ వానల్లోనే పక్క గదిలోకి ఒక జంట దిగింది. పాలమూరు లేబర్ అని వింటుంటారు గదా, గుంపు మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలూ అపార్టుమెంట్లూ కట్టేవాళ్ళు. అతను తాపీపని. పుణె వైపు నుంచి వచ్చారు, రెండు నెలలుండి మళ్ళీ పోతారట. సామాను దించుతుంటే చూద్దామని కుర్చీ వేసుకున్నాను. చూడ్డానికేమీ లేదు. ఒక రేకుపెట్టె, ఒక పరుపు చుట్ట, ఒక బోళ్ళ సంచి, నైలాను తాడు. పాత శీలలకే తాడు కట్టి దండెం చేశారు. పెట్టె మీద దుప్పటి మడిచి వేస్తే కుర్చీ అయింది. పరుపు చుట్ట పగలు ఆనుకోవడానికి, రాత్రి పరుచుకోవడానికి. వాకిట్లో మూడు రాళ్ళు. ఆమె కడపకు పసుపు రాసి, గోడ అడుగున బెత్తెడు వెడల్పున జాజు పట్టీ తీసి, మధ్యలో సున్నంతో నాలుగు చుక్కలు పెట్టింది. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఇల్లైపోయింది. నాకు జాలేసింది. ఇంత లోకం తిరిగినవాళ్ళకు ఒక థీమ్ లేదు, ఒక కలర్ స్కీమ్ లేదు.

మర్యాదకు లోపలికి పిలిచి నా గది చూపించాను. నీలం గోడ చూస్తే ఏమైనా నేర్చుకుంటాడని. అతను వేలి కణుపులతో గోడను రెండు చోట్ల కొట్టి చెవి పెట్టి విన్నాడు. "సారూ, లోపల బోలుగుంది. మీదికెల్లి నీళ్ళు దిగుతున్నయ్. గిది రంగుతోని పోదు" అన్నాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. రేకుకూ గోడకూ మధ్య సందు ఉందట. ఒక తట్ట సిమెంటు కలిపి ఆ సందు పూడ్చి, నా డ్రిల్లు రంధ్రాన్ని కూడా మూసి, రేకు చివర నీళ్ళు గోడ మీద పడకుండా ఒక డబ్బా ముక్క వంచి పెట్టాడు. పైసలు ఇవ్వబోతే చాయ్ చాలన్నాడు. ఆ రాత్రి వానకు చుక్క కారలేదు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అంత పని జరిగితే ఇంట్లో చూపించడానికి ఏముంది? ఎవరైనా వస్తే "రండి, కారని చోటు చూద్దురు గాని" అనాలా?

రెండు నెలలకు వాళ్ళు వెళ్ళిపోయారు. గది వచ్చినప్పుడు ఎట్లుందో అట్లే ఉంది, జాజు పట్టీ ఒకటి మిగిలింది. ఓనర్ వాళ్ళ అడ్వాన్స్ పైసాతో సహా తిరిగిచ్చాడు. నాకు తొమ్మిదిళ్ళలో ఎక్కడా అడ్వాన్స్ తిరిగి రాలేదు. దాన్ని నేను కళకు కట్టిన పన్ను అనుకుంటాను.

ఖాళీ చేసేటప్పుడు ఏవి తీసుకెళ్ళాలన్నది మరో చిక్కు. జర్మనీలో చాలామంది కిరాయిదారులు వంటింటి అలమరలు, సింకుతో సహా విప్పుకుని వెళ్ళిపోతారట. కొత్తగా చేరినవాళ్ళకు వంటింట్లో నల్లా గొట్టం తప్ప ఏమీ ఉండదట. నాకు ఆ దేశం నచ్చింది. అయితే మీరు గోడకు పెట్టిన రంగును ఎట్లా విప్పుతారు? నేను బల్బులు, హోల్డర్లు, కర్టెన్ రాడ్లు విప్పుకున్నాను. శీలలు పీకితే ఇంకా కొంత గోడ వచ్చింది. దివాన్ రాలేదు. తలుపు ఊడదీసినా రాలేదు, ఈ మధ్యలో అది వానకు ఉబ్బింది. అక్కడే వదిలేశాను.

ఈ ఇల్లు ఎందుకు వదిలామంటే, మొన్న దసరాకు ముందు ఓనర్ వచ్చాడు. నిజానికి ఖాళీ చేయమనే మాట నేను తొమ్మిదోసారి వింటున్నాను. ఇల్లంతా ఒకసారి తిరిగి, సిమెంటు పూడ్చిన చోటు చూసి, దివాన్ మీద కూచుని, "ఇల్లు మస్తు మంచిగైంది సారూ. మా పిలగాని పెండ్లి కుదిరింది. ఇగ మేమే ఉంటం" అన్నాడు. ముదురు నీలం కోడలికి నచ్చదని, పోతూ పోతూ తెల్ల సున్నం ఒక పూత వేయించి పొమ్మన్నాడు. వేయించాను. మధ్యాహ్నం లైటు వేయకుండా గది మొత్తం కనబడింది. తొమ్మిది నెలల తర్వాత నా రెండో చెప్పు దొరికింది.

బల్మూరు సెంటర్‌కు నడిచిపోయేంత దూరంలో ఎక్కడైనా రెండు గదులు ఖాళీగా ఉంటే చెప్పండి. నలుగురం, మాంసాహారులం, కిరాయి ప్రతి నెలా ఐదో తేదీలోపు ఇస్తాం. గూళ్ళున్న ఇల్లైతే మా ఆమె ఒప్పుకుంటానంది. సుత్తి మాత్రం ఆమె దాచిపెట్టింది.